మూడో వార్త

మొన్న తెనాలిలో కళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. చుక్కల మందు వేసి కళ్లు మూసుకోమన్నారు. కళ్లు మూసుకున్నా చెవులు తెరిచే ఉంటాయి కదా, గోడ మీద టీవీలో వార్తలు వింటున్నాను. ఉన్నట్టుండి వార్తలు పోయి సీరియల్లో ఎవరో అత్తగారి ఏడుపు మొదలైంది.

"ఎవరు నాయనా మార్చింది?" అన్నాను.

"మీ కోసమేనండి మామ్మగారూ. వార్తలు మీకు బోరు గదండీ" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మర్యాదగానే అన్నాడు పాపం.

"నా కోసమైతే నన్నడిగావా?" అన్నాను.

కాసేపటికి మళ్లీ వార్తలు వచ్చాయి. పక్కనున్న మా కోడలు మోచేత్తో పొడిచి, "ప్రతి చోటా ఎందుకత్తయ్యా?" అంది. ఎందుకంటే ఏం చెప్పను? ఈ రోగం నాకు ఐదో తరగతిలో అంటుకుంది. దీనికి మందు లేదు. ఉన్నా నేను వేసుకోను.

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది గానీ నేను చెప్పే ఊరు లేదు. బడి అంటే రెండు గదుల పెంకుటిల్లు, ముందు ఒక వరండా. వానాకాలం గదుల్లో గబ్బిలాల కంపు, ఎండాకాలం పక్క చావిట్లో చిట్టు, తవుడు కలిపిన కుడితి వాసన. ఇద్దరే మాస్టార్లు. పెద్ద మాస్టారికి చదువంటే ఎక్కాలు, చూచిరాత, బెత్తం. ఆయన చేతి కింద మేం బాగానే ఒదిగి ఉన్నాం. ఆ ఏడు కొత్త మాస్టారు వచ్చారు.

ఆయనది ఈపురుపాలెం, నేతవాళ్ల ఇల్లు. బాపట్లలో ట్రైనింగ్ పూర్తి చేసి నేరుగా మా బడికే వచ్చారు. ఇంట్లో నేసిన బట్టే కట్టేవారు. ఆయన పక్కనుంచి నడిస్తే గంజి వాసన వచ్చేది. వచ్చిన వారంలోనే వరండాలో ఒక నల్లబల్ల వీధికి కనబడేలా వేలాడదీయించి, ప్రార్థన కాగానే రోజుకొకరు మూడు వార్తలు చెప్పాలని రూలు పెట్టారు. మొదటిది దేశం వార్త, రెండోది రాష్ట్రం వార్త, మూడోది మా ఊరి వార్త. చెప్పినవాటిని బల్ల మీద రాసేవారు. దారినపోయే వాళ్లు ఆగి చదువుకుని పోయేవారు.

"పిల్లలకి వార్తలెందుకయ్యా? పదమూడో ఎక్కం రాదు వీళ్లకి" అన్నారు పెద్ద మాస్టారు.

"ఎక్కం ఎక్కడికీ పోదండి. వార్త రేపటికి పాతబడిపోద్ది" అన్నారు ఈయన.

వార్తలు మా ఊళ్లోకి రెండు దారుల్లో వచ్చేవి. పొద్దున రైల్లో పేపరొచ్చేది. అది ముందు పంచాయతీ ప్రెసిడెంటు గారింటికి వెళ్లి, మధ్యాహ్నానికి టీ హోటలు చేరి, ఆ తర్వాత ఎప్పుడో బజ్జీల పొట్లమయ్యేది. సాయంత్రం పంచాయతీ ఆఫీసులో రేడియో వచ్చేది. దానికి తాళం వేసిన చెక్కపెట్టె. ప్రెసిడెంటు గారు తప్ప దాని చెవి ఎవరూ తిప్పరు. మగవాళ్లంతా ఆఫీసు అరుగు మీద చుట్టలు కాల్చుకుంటూ వినేవారు. మగపిల్లలు వాళ్ల కాళ్ల దగ్గర చేరేవారు. ఆడపిల్లలం హోటలుకీ పోము, అరుగూ ఎక్కం. కాబట్టి మా వంతు వచ్చినప్పుడు మొదటి రెండు వార్తలూ గుండుసున్నా. మూడోదే ఉండేది. "మా గేదె ఈనిందండి." "మా పిన్నికి కూతురు పుట్టిందండి." మగపిల్లలు వెనక వరసల్లోంచి అంబా అని అరిచేవారు.

నా మొదటి వంతు వచ్చినప్పుడు, "మా నాయనమ్మ పెట్టిన ఆవకాయ బూజు పట్టిందండి" అని చెప్పాను. మాస్టారు బల్ల మీద రాశారు కూడా. మధ్యాహ్నానికి అది మా నాయనమ్మ చెవిన పడింది. "ఊళ్లో టముకేసొచ్చావంటే ముదనష్టపుదానా! ఇంక నా చేతి కారం ఎవరు అడుగుతారే?" అని గరిటె పట్టుకుని దొడ్డి చుట్టూ తరిమింది. నాకు దొరకడం అలవాటు లేదు.

వరికోతల కాలంలో ఒకరోజు హోటలాయన కొడుకు వంతు వచ్చింది. మా తరగతే. వాడు నూనె మరకల కాగితం ఒకటి జేబులోంచి తీసి, "కోస్తాకు తుఫాను ముప్పు" అని గట్టిగా చదివాడు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లి అందరం ఇళ్లలో అదే చెప్పాం. మా వైపు తుఫాను మాట వింటే నోట్లో ముద్ద దిగదు. కోసిన వరి పనలు ఇంకా చేల మీదే ఉన్నాయి. ఊరు ఊరంతా చేలల్లోకి పరిగెత్తింది. మా నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. పొద్దుగూకేలోపు పచ్చి పనలన్నీ కుప్పలు వేసేశారు.

మర్నాడు మబ్బు తునక లేదు. నిప్పులు చెరిగే ఎండ. ఆ కాగితం పోయినేడు నాటిదట! పచ్చి పనలు కుప్పలో మగ్గి వేడెక్కి వడ్ల రంగు మారింది. అందరికంటే పెద్ద కుప్ప ప్రెసిడెంటు గారిదే. ఆయన తిన్నగా బడికొచ్చాడు. నాకు వరసకు పెదనాన్న. అరిచే మనిషి కాదు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ నెమ్మదికే ఊరంతా భయం.

"ఏంటి మాస్టారూ, పిల్లల చేత పుకార్లు చెప్పిస్తన్నారంట?"

పెద్ద మాస్టారు చేతులు నలుపుకుంటూ, "ఈ రోజుతో ఆపిస్తానండి" అన్నారు.

"తప్పు నాదేనండి" అన్నారు కొత్త మాస్టారు. "చెప్పడం నేర్పాను, అడగడం నేర్పలేదు. అదీ నేర్పుతానండి. పోగు తెగితే ముడేసుకుని నేస్తాం గానీ మగ్గం విరగ్గొట్టుకోం గదండీ."

పెదనాన్న ఆయన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మాస్టారు ఆ పిల్లాణ్ణి ఒక్క దెబ్బ వేయలేదు. నల్లబల్ల పైభాగాన తెల్లరంగుతో మూడు ప్రశ్నలు రాశారు. ఎవరు చెప్పారు? నువ్వు చూశావా? ఇంకెవర్ని అడిగావు? వీటికి జవాబు లేకపోతే అది వార్త కాదు, పుకారు అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మళ్లీ నా వంతు వచ్చింది.

"దేశం వార్త?"

"తెలీదండి."

"రాష్ట్రం వార్త?"

"తెలీదండి."

"రేడియో వినలేదా?"

"ఆడపిల్లల్ని అరుగెక్కనివ్వరండి."

ఆయన సుద్దముక్కతో బల్ల పైభాగం చూపించారు. "ఎవరు చెప్పారు?"

"అందరూ అంటారండి."

"ఎవర్నైనా ఎక్కనివ్వకపోవడం నువ్వు చూశావా?"

"లేదండి."

"పోనీ ఎవర్నైనా అడిగావా?"

"అడగలేదండి."

"అయితే ఇదీ పుకారే. కూర్చో. రేపు కూడా నీ వంతే."

ఒళ్లు మండిపోయింది నాకు. బజ్జీల కాగితం చదివినవాడితో సమానం చేశాడే ఈయన నన్ను! ఆ మంటతోనే ఇంటికొచ్చాను. నాయనమ్మ పెరట్లో కుండలో తేగలు ఉడకేస్తోంది. ఉడికే తేగల వాసనకి మామూలుగా అయితే అక్కడే చతికిలబడి, చీల్చి లోపలి లేత చందమామ మొగ్గ తీసుకు తినేదాన్ని. ఆ రోజు నిలబడే చెప్పాను, రేడియో దగ్గరికి పోతున్నానని.

"చుట్టలు కాల్చే మగాళ్ల మధ్యనా? నీకేమన్నా గాలి సోకిందా?" అంది.

"పోగూడదని ఎవరన్నారు నాయనమ్మా?"

"ఎవరనేదేంటే? పోరు, అంతే!"

నేను పోయాను. అరుగు మీద నన్ను చూసి ఒకరిద్దరు సర్దుకున్నారు. ఎవరూ పొమ్మనలేదు. చుట్టల పొగకి కళ్లు నీళ్లు కారుతున్నా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. వార్తలు మొదలయ్యాయి. ఢిల్లీలో ఏదో సభ, ఎవరో మంత్రి ఏదో అన్నాడు. మర్చిపోకుండా పెదాలతో వల్లె వేసుకుంటున్నాను. అప్పుడు పెదనాన్న నన్ను చూశాడు.

"ఏమ్మా, మీ నాన్న కోసం వచ్చావా?"

"కాదు పెదనాన్నా. వార్తల కోసం."

అరుగంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఇది ఆడపిల్లలు కూచునే చోటు కాదు తల్లీ. లెగు."

"వార్తలయ్యాక లెగుస్తా పెదనాన్నా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. లోపలికి వెళ్లి రేడియో కట్టేశాడు. వచ్చి మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు. అందరూ నా వైపు చూశారు. వార్తల తర్వాత వడ్ల ధరలు చెబుతారు, వాళ్లకి అవి కావాలి. నేను లేస్తే రేడియో మోగుతుంది. నేను లేవలేదు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ భయం కంటే రోషం ఎక్కువగా ఉంది. "పొగరుబోతు పిల్ల" అన్నారెవరో. చివరికి పెదనాన్నే పెట్టెకి తాళం వేసుకుని ఇంటికి పోయాడు. అప్పుడు లేచాను.

మర్నాడు బల్ల ముందు నిలబడి, "దేశం వార్త సగమే విన్నానండి. మిగతా సగం ఎందుకు వినలేదో మూడో వార్తలో చెబుతానండి" అన్నాను. చెప్పాను. మన పంచాయతీ రేడియోని నిన్న వార్తల మధ్యలో ఆపేశారు, ఒక ఆడపిల్ల అరుగు మీద కూర్చుందని. ఈసారి ఎవడూ అంబా అనలేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఆ పిల్లని నేనే."

"ఇంకెవరు చూశారు?"

నేను నోరు తెరిచేలోపు హోటలాయన కొడుకు లేచి, "నేను చూశానండి. మా నాన్నతో టీలు తీసకపోయినప్పుడు" అన్నాడు. ఆ ఒక్క మాటకి వాడి పాత అంబాలన్నీ క్షమించేశాను.

మాస్టారు బల్ల మీద రాశారు. పెద్ద మాస్టారికి చెమటలు పట్టాయి. "తుడిపెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది. ఆయన తలుచుకుంటే నువ్వు ఇక్కడుండవు."

"తప్పుంటే తుడుస్తానండి. తప్పేంటో చెప్పమనండి."

వీధిలో పోయేవాళ్లంతా చదివారు. మధ్యాహ్నానికి మా ఇంటికీ చేరింది. నాయనమ్మ గరిటె తీస్తుందనుకున్నాను. తీయలేదు. "నా మనవరాలు కూచుంటే పెట్టె ఆపుతాడా వాడు?" అని సాయంత్రం ఉడికిన తేగలు కొంగున కట్టుకుని నాకంటే ముందు బయల్దేరింది. మా నాన్న గుమ్మంలో అడ్డుపడి, "ఆయనతో మనకెందుకమ్మా?" అంటుంటే పక్కకి నెట్టి మరీ నడిచింది. అరుగెక్కి, మధ్యలో చతికిలబడి, కొంగు విప్పి తేగ చీల్చడం మొదలుపెట్టింది.

"ఒరే అబ్బాయ్, బారసాలనాడు నిన్ను ఉయ్యాల్లో వేసింది నేనే. ఆ రోజు మా ఆడాళ్ల మధ్యకి మీ మగాళ్లని రానిచ్చాం గదరా! తిప్పు, ఆ చెవి."

పెదనాన్న తిప్పాడు. ఏం చేస్తాడు మరి.

ఆ తర్వాత రోజూ ఒకరిద్దరు ఆడవాళ్లు ఎక్కువయ్యారు. నాయనమ్మ రేడియోతో జగడమాడేది. "బియ్యం చవకంట! ఏ ఊళ్లో? నువ్వొచ్చి చూశావా?" అని పెట్టెని గదిమేది. మగవాళ్లు ముందు విసుక్కున్నా తర్వాత తేగలకి చెయ్యి చాపడం నేర్చారు. బల్ల మీద ఆడపిల్లల వంతున మూడు వార్తలూ నిండాయి. మా తరగతి ఆడపిల్లలం ముగ్గురం అరుగుకి వెళ్తుంటే తల ఎత్తుకుని నడిచేవాళ్లం, కాస్త అవసరానికి మించే ఎత్తుకుని.

పెదనాన్న తక్కువ తిన్న మనిషా? తెనాలికి మనిషిని పంపి పెద్ద మైకు బూర తెప్పించి ఆఫీసు కప్పు మీద పెట్టించాడు. "ఆడకూతుళ్లకి రోజూ ఈ శ్రమెందుకు? హాయిగా ఇళ్లలో కూచుని వినండమ్మా" అన్నాడు. రేడియో ఊరి చివరిదాకా వినబడింది. ఆడవాళ్లు మురిసిపోయారు. మా నాయనమ్మ కూడా, "పోనీలే, నడుం వాల్చి వినొచ్చు" అంది. నాకు ఏడుపొచ్చింది. రేడియో ఆపినప్పుడు ఎదిరించడం తేలిక, ఇంత మర్యాద చేస్తే ఎలా ఎదిరించాలి? నేను మాత్రం అరుగు మీదికే పోయేదాన్ని. ఆయన నన్ను చూసీ చూడనట్టు ఉండేవాడు.

అప్పుడు కొత్త మాస్టారికి బదిలీ కాగితం వచ్చింది. కొల్లిపర అవతల, కృష్ణ ఒడ్డున లంక ఊరికట. చదువుల ఏడు ఇంకా పూర్తి కాలేదు. ఆయన వాళ్ల ఇంటికి వెళ్లాలంటే ఇక రోజంతా ప్రయాణమే. మాకు ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పారు.

"ప్రెసిడెంటే చేయించాడు. ఊరంతా అనుకుంటంది" అన్నాడు మా నాన్న అన్నం దగ్గర.

"ఎవరు చెప్పారు నాన్నా? నువ్వు చూశావా?"

"నోరుముయ్యి" అన్నాడు. ఆయన కోపం నా మీద కాదు, తన భయం మీద. నాకు ఆ వయసులోనే ఆ తేడా తెలిసింది.

సాయంత్రం అరుగెక్కాను. స్తంభం దగ్గర కూర్చోలేదు. పెదనాన్న కుర్చీ ఎదురుగా కూర్చున్నాను.

"ఏమ్మా, మీ ఇంటికి బూర వినపడటం లేదా?"

"వినపడతంది పెదనాన్నా."

"మరెందుకొచ్చావు?"

"బూరని ఏదన్నా అడిగితే చెప్పదు గదా. మిమ్మల్ని అడుగుదామని వచ్చా."

చుట్టలు నోళ్లలోనే ఆగిపోయాయి. ఆ మాట ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేనని తెలుసు.

"మా మాస్టారి బదిలీ మీరే చేయించారా పెదనాన్నా?"

పైన బూరలో ఎవరో పాట పాడుతున్నారు. ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత అరుగు మీద వాళ్ల మొహాల్లోకి చూశాడు. ఆయన్ని ఆదుకోవడానికి ఒక్కరైనా "ఏంటే ఆ మాటలు" అంటారనుకున్నాడేమో. ఎవరూ అనలేదు. వాళ్లూ జవాబు కోసమే చూస్తున్నారు. ఆయన కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, రేడియో మోగుతుండగానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు మాస్టారికి మా బడిలో ఆఖరి రోజు. వంతు నాది కాదు. హోటలాయన కొడుకుది. వాడు రెండు వార్తలు చెప్పి నా వైపు చూసి కూర్చున్నాడు. నేను లేచాను.

"మా కొత్త మాస్టారిని బదిలీ చేశారు. ప్రెసిడెంటు పెదనాన్నే చేయించాడు."

"ఎవరు చెప్పారు?" అన్నారు మాస్టారు. ఆ రోజు కూడా వదల్లేదు!

"ఆయన్నే అడిగానండి. అరుగు మీద, అందరి ముందు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి. లేచి వెళ్లిపోయారు."

పెద్ద మాస్టారు గుమ్మంలో గుడ్డ పట్టుకుని నిలబడ్డారు.

"అయితే ఆయనే చేయించారని నీకు తెలీదు" అన్నారు కొత్త మాస్టారు నెమ్మదిగా. "నువ్వు అడిగావు. ఆయన లేచి వెళ్లిపోయారు. నీకు తెలిసింది అంతవరకే. అంతవరకే రాయి." సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. తనకి అన్యాయం చేసినవాణ్ణి కాపాడుతున్నారనుకున్నాను. పళ్లు బిగించి, బల్ల నిండా వచ్చేలా రాశాను. "మా మాస్టారి బదిలీ మీరే చేయించారా అని ప్రెసిడెంటు గారిని పంచాయతీ అరుగు మీద అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయారు." రాసి, వెనక్కి జరిగి చదివితే అర్థమైంది. చేయించాడని రాస్తే ఆయన కాదనేవాడు, ఊరు రెండుగా చీలి వాదించుకునేది. ఇది కాదనడానికి ఎవరికీ నోరు లేదు. అరుగంతా చూసింది.

మధ్యాహ్నం బండికి మాస్టారు వెళ్లిపోయారు. స్టేషన్ దాకా వెళ్తామంటే వద్దన్నారు, బడి మానకూడదట. రైలు కూత వినబడగానే పెద్ద మాస్టారు గుడ్డ తడుపుకుని వరండాలోకి వచ్చారు. నేను బల్లకి వీపు ఆనించి నిలబడ్డాను. నా పక్కన హోటలాయన కొడుకు, వాడి పక్కన మిగతా ఐదో తరగతి.

"తప్పేంటో చెప్పండి మాస్టారూ. నేనే తుడుస్తా" అన్నాను.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. తడిగుడ్డ లోంచి నీళ్లు ఆయన పంచె మీద కారుతున్నాయి. గుడ్డ పిండుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ రాతని ఆ సాయంత్రం ఊరు మొత్తం చదివింది.

మాస్టారిని మళ్లీ చూడలేదు. వార్తల గంట కూడా ఆ ఏడుతో పోయింది. బల్ల మాత్రం ఉండేది, దాని మీద ఎక్కాలు రాసేవారు. దానికి నేనిప్పటికీ సమాధానపడలేదు, పడను కూడా. ఆ తర్వాత నా జీవితంలో చాలామందిని చాలా అడిగాను. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లని, ఆఫీసు పెద్దల్ని, ఆస్తి పంపకాలప్పుడు సొంత అన్నదమ్ముల్ని. కొందరు జవాబు చెప్పారు. ఎక్కువమంది కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయారు. వెళ్లనీ. వాళ్లు లేచి వెళ్లారని చెప్పడానికి నేను కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాను.